నెలంటే ఎన్ని రోజులు, అపరిమితమంటే ఎంత: మొబైల్ ప్లాన్ల చార్జీల లోగుట్టు

మొబైల్ కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులను వరుసగా చదువుతూ పోతే ఒక సంగతి తెలుస్తుంది. ధర ఎక్కువగా ఉందని గొడవపడేవాళ్ల కన్నా, చెప్పిన ధర ఒకటి, పడిన ధర ఇంకొకటి అని గొడవపడేవాళ్లే ఎక్కువ. అపరిమిత డేటా అని తీసుకుంటే సాయంత్రానికి వీడియో కదలదు. నెలవారీ ప్లాన్ అని రీచార్జ్ చేస్తే నెల పూర్తికాకుండానే గడువు తీరిపోతుంది. ఫోన్ ఉచితం అంటారు గానీ కంపెనీ మారదామంటే దాని బాకీ బయటపడుతుంది. బజారులో కిలో అంటే ఎంతో చట్టం చెబుతుంది, దుకాణదారుడు తన సొంత కిలోను తయారుచేసుకోలేడు. మొబైల్ సేవల్లో మాత్రం నిమిషం, నెల, ఒక మెసేజ్, అపరిమితం వంటి మాటలకు అర్థం ఏమిటో అమ్మే కంపెనీయే నిబంధనల పత్రంలో రాసుకుంటుంది. గత పాతికేళ్లలో వివిధ దేశాల నియంత్రణ సంస్థలు జారీచేసిన ఆదేశాల్లో చాలా వాటిని ఈ కొలతల్ని కంపెనీల చేతిలోంచి కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకునే ప్రయత్నాలుగానే చూడాలి.

అసలు ఇంత వెసులుబాటు కంపెనీలకు ఎలా వచ్చిందో అర్థం కావాలంటే నెట్‌వర్క్ ఖర్చు స్వరూపం తెలియాలి. టవర్లు, వాటిని కలిపే ఫైబర్, స్పెక్ట్రమ్ (సిగ్నల్ ప్రయాణించే రేడియో తరంగాల) లైసెన్సులు, కరెంటు, సిబ్బంది, ఇవన్నీ చందాదారులు మాట్లాడినా మాట్లాడకపోయినా అయ్యే ఖర్చులు. ఎంత పెద్ద నెట్‌వర్క్ కట్టాలన్నది రోజంతా జరిగే వాడకాన్ని బట్టి కాక, అందరూ ఒకేసారి ఫోన్ మీద ఉండే రద్దీ గంటను బట్టి నిర్ణయమవుతుంది. అర్ధరాత్రి రెండింటికి ఎవరైనా ఒక సినిమా డౌన్‌లోడ్ చేసుకుంటే దానివల్ల కంపెనీకి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు శూన్యం, అదే సినిమా రాత్రి తొమ్మిదింటికి చూస్తే ఆ టవర్ కింద ఉన్న మిగతావాళ్ల వాటా తగ్గుతుంది. అందువల్ల ఒక జీబీకి సహజమైన ధర అంటూ ఏదీ లేదు. ధర అనేది ఎవరు ఎంత ఇవ్వగలరు, ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారు అనే అంచనా మీద తయారవుతుంది. ఒకే నెట్‌వర్క్ మీద డజన్ల కొద్దీ ప్లాన్లు ఉండడానికి కారణం ఇదే. అవి చందాదారులను వారి చెల్లింపు శక్తిని బట్టి వేరుచేసే జల్లెడ కళ్లు.

ధరలు పెంచినప్పుడల్లా కంపెనీలు స్పెక్ట్రమ్ వేలం ఖర్చును చూపిస్తాయి. ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. 2000లో బ్రిటన్ జరిపిన 3జీ వేలంలో దాదాపు 2,250 కోట్ల పౌండ్లు, అదే ఏడాది జర్మనీలో దాదాపు 5,000 కోట్ల యూరోలు కంపెనీలు చెల్లించాయి. కానీ ఒకసారి చెల్లించేశాక ఆ సొమ్ము వెనక్కి రాదు, తర్వాత పెట్టే ధరను అది నేరుగా శాసించదు. స్పెక్ట్రమ్ చవకగా దొరికినంత మాత్రాన, చందాదారులు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధంగా ఉంటే, ఏ కంపెనీ కూడా తక్కువ తీసుకోదు. ధరను దించేది పక్క కంపెనీ పోటీ ఒక్కటే. ఈ కారణంగానే పోటీ పలచబడిన చోట కొలతలతో ఆడుకోవడం పెరుగుతుంది.

సెకను, మెగాబైట్, నెల

కొలతల్లో పాతది పల్స్, అంటే కాల్ చార్జీ లెక్కగట్టడానికి తీసుకునే కాలపు ముక్క. నిమిషం పల్స్ ఉన్న ప్లాన్‌లో 61 సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాల చార్జీ పడుతుంది, అంటే 59 సెకన్ల మాటలకు మాట్లాడకుండానే డబ్బు కట్టినట్లు. భారత్‌లో 2009లో టాటా డొకొమో సెకనుకింత అనే లెక్కతో సేవలు మొదలుపెట్టాక మిగతా కంపెనీలూ అదే దారి పట్టక తప్పలేదు. ఇప్పుడు కాల్స్ చాలా చోట్ల ప్లాన్‌లోనే కలిసిపోయాయి గనుక పల్స్ గొడవ సద్దుమణిగింది. అయితే పైకి గుండ్రం చేసే ఆ అలవాటు పోలేదు, అది డేటాకు బదిలీ అయింది.

అమెరికాలో జరిగిన ఒక వ్యవహారం ఇక్కడ వివరంగా చెప్పుకోదగ్గది. వెరిజాన్ వైర్‌లెస్ చందాదారుల్లో డేటా ప్లాన్ లేనివాళ్లకు మెగాబైట్‌కు 1.99 డాలర్ల చొప్పున వాడకం చార్జీ ఉండేది. ఫోన్‌లో ముందే వేసి ఉన్న ఆటల నమూనాలు తమంతట తాము నెట్‌కు అనుసంధానం కావడం వల్లా, ఇతర పొరపాటు కనెక్షన్ల వల్లా నెట్ వాడనివాళ్ల బిల్లులో కూడా ఈ చార్జీ కనిపించేది. దాదాపు మూడేళ్లు ఈ తంతు సాగాక 2010లో సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీతో కంపెనీ రాజీకి వచ్చింది. ప్రభుత్వ ఖజానాకు 2.5 కోట్ల డాలర్లు, సుమారు 1.5 కోట్ల మంది చందాదారులకు కనీసం 5.28 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఈ వాపసును మనిషికి పంచి చూస్తే మూడున్నర డాలర్లు. ఆ చిన్నతనమే అన్నేళ్లు అది సాగడానికి కారణం. మూడున్నర డాలర్ల కోసం కస్టమర్ కేర్ లైన్లో అరగంట సంగీతం వినేంత తీరిక ఎవరికి ఉంటుంది? ఒక్కొక్కరి దగ్గర ఫిర్యాదు చేయనంత చిన్న మొత్తం, అందరి దగ్గరా కలిపితే కోట్లు, ఇదీ ఈ రంగంలో తప్పుడు చార్జీలు బతికే తీరు.

నెల కొలత ఇంకా ఆసక్తికరమైనది. ప్రీపెయిడ్‌లో 28 రోజుల వ్యాలిడిటీ మామూలైపోయింది. నాలుగు వారాలు కాబట్టి గడువు ఎప్పుడూ ఒకే వారం రోజున తీరుతుందనేది దీనికి కంపెనీలు చెప్పే సమర్థన. కానీ ఏడాదికి పన్నెండు నెలలైతే 28 రోజుల రీచార్జులు పదమూడు చేయాలి. పదమూడింటిని 28తో గుణిస్తే 364 రోజులు వస్తాయి, ఇంకా ఒక రోజు మిగిలిపోతుంది. ప్రకటించిన ధర మీద ఇది ఎనిమిది శాతానికి పైగా పెంపు, అయినా ధర పెరిగినట్లు ఎక్కడా కనిపించదు. భారత నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022 జనవరిలో ప్రతి కంపెనీ 30 రోజుల గడువుతో కనీసం ఒక ప్లాన్‌ను, ప్రతి నెలా ఒకే తేదీన రీచార్జ్ చేసుకునే వీలున్న ఇంకో ప్లాన్‌ను తప్పనిసరిగా ఉంచాలని ఆదేశించింది. ఆ ప్లాన్లు వచ్చాయి. 28 రోజుల ప్లాన్లను మాత్రం ఎవరూ నిషేధించలేదు కనుక అవి కూడా పక్కనే హాయిగా కొనసాగాయి.

నెలతో పాటు రోజు కూడా కొలతే. రోజుకు 1.5 జీబీ చొప్పున 28 రోజులు అంటే కాగితం మీద 42 జీబీ. అయితే ఏ రోజు కోటా ఆ రోజు అర్ధరాత్రితో చెల్లిపోతుంది. వారంలో ఆరు రోజులు ఆఫీసు వైఫై వాడుకుని, ఆదివారం ఒక్కరోజు నాలుగు జీబీ అవసరమైనవాడు, తాను కొన్న డేటాలో చాలా భాగం వాడకుండా పోగొట్టుకుని, ఆదివారం పూట మళ్లీ యాడ్ ఆన్ కొనుక్కుంటాడు. నెట్‌వర్క్ మీద రద్దీ తగ్గించడానికే ఈ ఏర్పాటు అనే వాదన పూర్తిగా నిలవదు, ఎందుకంటే రద్దీ ఏర్పడేది గంటల లెక్కన, అర్ధరాత్రి కోటా చెల్లిపోయినంత మాత్రాన రాత్రి తొమ్మిదింటి రద్దీ తగ్గదు. డబ్బిచ్చి కొన్న డేటా గడువుతో మాయం కావడం మీద దక్షిణాఫ్రికాలో పెద్ద ఎత్తున నిరసన వచ్చి, 2019లో అమల్లోకి వచ్చిన నిబంధనల ద్వారా మిగిలిన డేటాను ముందుకు తీసుకెళ్లే వీలు, మరొకరికి బదిలీ చేసే వీలు కల్పించాల్సి వచ్చింది.

కలిపి అమ్మడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బేసిక్ ఫోన్ వాడే పెద్దవాళ్లు, బ్యాంకు ఓటీపీల కోసం రెండో సిమ్ ఉంచుకునేవాళ్లు తమకు అక్కర్లేని డేటాకు కూడా డబ్బు కట్టాల్సి వస్తోందన్న ఫిర్యాదు చాలాకాలం నడిచాక, కేవలం కాల్స్, ఎస్ఎంఎస్‌లతో కూడిన ప్లాన్లు ఉండాలనీ, ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువు 90 రోజుల నుంచి 365 రోజులకు పెరగాలనీ ట్రాయ్ 2024 డిసెంబరులో సవరణ తెచ్చింది.

తెలుగులో పంపితే మెసేజ్ చిన్నదవుతుంది

ఎస్ఎంఎస్ ఇప్పుడు చాలామందికి వచ్చే ఓటీపీ మాత్రమే, పంపేవాళ్లు తగ్గిపోయారు. అయినా కొలత ఎలా పనిచేస్తుందో దీనంత స్పష్టంగా చూపే ఉదాహరణ మరొకటి లేదు. ఒక ఎస్ఎంఎస్ పరిమాణం 140 బైట్లు, అంటే 1,120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటి ఏడు బిట్లలో ఇమిడిపోతాయి గనుక 160 పడతాయి. తెలుగు సహా ఆ ప్రాథమిక పట్టికలో లేని లిపులన్నింటికీ ఒక్కో సంకేతానికి పదహారు బిట్లు కావాలి, కాబట్టి 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బై కూడా మనం కంటితో చూసి లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. స్త్రీ అనే ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు సంకేతాలు ఉన్నాయి. కంటికి ముప్ఫై అక్షరాలు కనిపించే వాక్యం డెబ్బై సంకేతాల దగ్గరకు సులువుగా చేరుతుంది. డెబ్బై దాటగానే మెసేజ్ ముక్కలవుతుంది. ముక్కలను మళ్లీ కలిపే సమాచారం కోసం ప్రతి ముక్కలోనూ కొంత చోటు పోయి 67 చొప్పునే మిగులుతాయి. 150 అక్షరాల ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరమో, ఒక్క ఎమోజీయో చేర్చితే మొత్తం మెసేజ్ పదహారు బిట్ల లెక్కలోకి మారి మూడు ఎస్ఎంఎస్‌లుగా పోతుంది, చార్జీ కూడా మూడింటికీ పడుతుంది. ఫోన్ తెర మీద మాత్రం అది ఒకటే మెసేజ్. దీన్ని మోసం అనలేం, ఇది ఎస్ఎంఎస్ ప్రమాణంలోనే ఉన్న సంగతి. కాకపోతే కాల్స్ కలపడానికి ఎలాగూ నడిచే సంకేతాల మార్గంలో దాదాపు ఖర్చు లేకుండా ప్రయాణించే 140 బైట్లకు దశాబ్దాల పాటు విడిగా డబ్బు వసూలు చేయడం ఎంతవరకు న్యాయమన్నది వేరే ప్రశ్న. వాట్సాప్ లాంటివి వచ్చి ఆ ప్రశ్నకు జవాబు చెప్పేశాయి.

అపరిమితానికి ఉన్న పరిమితులు

అన్ని మాటల్లోకీ ఎక్కువ తగాదా తెచ్చింది అపరిమితం. అమెరికాలో ఏటీ అండ్ టీ 2010లో కొత్తవాళ్లకు అపరిమిత డేటా ప్లాన్ ఇవ్వడం ఆపి, అప్పటికే తీసుకున్నవాళ్లను మాత్రం కొనసాగించింది. 2011 నుంచి ఆ పాత చందాదారులు ఒక స్థాయి దాటి వాడగానే వేగాన్ని కోసేయడం మొదలుపెట్టింది. కొందరి విషయంలో బిల్లింగ్ కాలంలో రెండు జీబీ వాడకానికే ఈ కోత పడిందనీ, కనీసం 35 లక్షల మంది దీని బారిన పడ్డారనీ వాణిజ్య కమిషన్ ఎఫ్‌టీసీ 2014లో దావా వేసింది. 2019లో కంపెనీ ఆరు కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. ఆసక్తికరమైన విషయమేమిటంటే, కమిషన్ అభ్యంతరం వేగం తగ్గించడం మీద కాదు, అపరిమితం అని చెప్పి అమ్మి ఈ కోత సంగతి సరిగా చెప్పకపోవడం మీద. ఆ రాజీ తర్వాత వేగ పరిమితుల సంగతి ప్రకటనల్లో స్పష్టంగా చెప్పాల్సి వచ్చింది, కోతలు మాత్రం ఈ రంగంలో ఆగలేదు.

వేగం తగ్గింపు అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు జరుగుతున్నాయి, ఫిర్యాదు చేసేవాళ్లు వీటిని కలగాపులగం చేయడం వల్ల కస్టమర్ కేర్‌లో వాదన నిలవదు. మొదటిది కోటా తర్వాత కోత. నిర్ణీత జీబీలు అయిపోగానే వేగం సెకనుకు 64 లేదా 128 కిలోబిట్లకు పడిపోతుంది. నెట్ ఆగిపోలేదు కనుక అపరిమితం అన్న మాట సాంకేతికంగా నిలుస్తుంది. 64 కిలోబిట్ల వేగంతో ఒక జీబీ దిగడానికి దాదాపు 35 గంటలు పడుతుంది, ఐదు ఎంబీల ఫొటో ఒకటి రావడానికి పది నిమిషాలు దాటుతుంది. దీన్ని అపరిమితం అనడానికి నోరు రావాలి. రెండోది ప్రాధాన్యం తగ్గించడం. ఇందులో వేగానికి స్థిరమైన పరిమితి ఉండదు. టవర్ ఖాళీగా ఉంటే అందరికీ ఒకే వేగం వస్తుంది, రద్దీ ఏర్పడితే చవక ప్లాన్‌లో ఉన్నవాళ్లనూ, ఎక్కువ వాడినవాళ్లనూ వరుసలో వెనక నిలబెడతారు. ఇంకొకరి టవర్లను అద్దెకు తీసుకుని తమ పేరుతో సిమ్‌లు అమ్మే చిన్న కంపెనీల చందాదారులకు చాలాసార్లు దక్కేది ఈ వెనక వరుసే. ఉదయం స్పీడ్ టెస్ట్ బ్రహ్మాండంగా వచ్చి, సాయంత్రం స్టేషన్ దగ్గర పేజీ కూడా తెరుచుకోకపోవడం దీని లక్షణం. దీన్ని నిరూపించడం కష్టం కనుక కంపెనీలకు ఇది బాగా నచ్చిన పద్ధతి. మూడోది రకాన్ని బట్టి కోత: వీడియోను 480పీ నాణ్యతకు పరిమితం చేయడం, ఫోన్‌లో వాడే డేటాకు ఒక లెక్క, అదే ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇచ్చే డేటాకు వేరే లెక్క పెట్టడం. నెట్‌వర్క్ దృష్టిలో ఒక బైట్‌కూ మరో బైట్‌కూ తేడా లేదు, ఈ విభజన కేవలం వ్యాపారపరమైనది.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఫిన్లాండ్‌లో కంపెనీలు డేటాను జీబీల లెక్కన కాక వేగాల లెక్కన అమ్ముతాయి. తక్కువ వేగానికి తక్కువ ధర, ఎక్కువ వేగానికి ఎక్కువ ధర, స్వదేశంలో ఎంత వాడుకున్నా వేరే లెక్క లేదు. రద్దీ గంటే అసలు ఖర్చు అయినప్పుడు, ధరను వేగంతో ముడిపెట్టడమే ఆ ఖర్చుకు దగ్గరగా ఉండే పద్ధతి అని నా అభిప్రాయం. మిగతా దేశాల్లో ఇది పాకకపోవడానికి సాంకేతిక కారణాల కన్నా, జీబీల ప్యాకెట్లు అయిపోయినప్పుడల్లా మళ్లీ అమ్ముకునే అవకాశమే ఎక్కువ కారణం అనిపిస్తుంది.

బిల్లు కింద భాగం

ప్రకటనలో ఒక సంఖ్య, బిల్లు చివర ఇంకో సంఖ్య ఉండడం అమెరికాలో పోస్ట్‌పెయిడ్ వాడేవాళ్లకు నిత్యానుభవం. ఈ తేడాలో పన్నులు కొంత భాగమే. మారుమూల ప్రాంతాలకు, స్కూళ్లకు, లైబ్రరీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు టెలికాం సేవలు అందించడానికి 1996 టెలికాం చట్టం కింద ఏర్పడిన సార్వత్రిక సేవా నిధికి చందా కట్టాల్సింది చట్టప్రకారం కంపెనీలు. ఆ మొత్తాన్ని చందాదారుల నుంచి రాబట్టుకోవడానికి వాటికి అనుమతి ఉంది, రాబట్టుకు తీరాలన్న నిబంధన లేదు. దాని పక్కనే పరిపాలనా రుసుము, నియంత్రణ ఖర్చుల వసూలు వంటి పేర్లతో ఉండే వరుసలు ప్రభుత్వానికి చేరే డబ్బు కానే కావు, అవి కంపెనీ సొంత ఆదాయం. పేరు మాత్రం ప్రభుత్వం వేసిన పన్నులా వినిపిస్తుంది. ఇలాంటి పరిపాలనా రుసుము మీద నడిచిన సామూహిక దావాను వెరిజాన్ తప్పు ఒప్పుకోకుండానే పది కోట్ల డాలర్లతో పరిష్కరించుకుంది.

ఏది పన్నో, ఏది ధరో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. అదే ఊళ్లో అదే రకం ప్లాన్‌తో ఇంకో కంపెనీకి మారితే ఆ వరుస అదే రేటుతో బిల్లులో ఉంటుందా? ఉంటే అది పన్ను. రేటు మారినా, పేరు మారినా, లేకుండా పోయినా అది ధరలో భాగమే, కాకపోతే ప్రకటనలో కనిపించకుండా కిందికి నెట్టిన భాగం. యూరప్‌లో వినియోగదారులకు చూపే ధరలో విలువ ఆధారిత పన్ను కలిసే ఉంటుంది. భారత్‌లో ప్రీపెయిడ్ రీచార్జ్ ధరలో జీఎస్‌టీ కలిసి ఉంటుంది గానీ, పోస్ట్‌పెయిడ్ ప్లాన్ ధర మీద 18 శాతం విడిగా పడుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు తరచు మరిచిపోయేది దీన్నే. అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ఆహార పొట్లాల మీద పోషకాల పట్టికలా ప్రతి ఇంటర్నెట్ ప్లాన్‌కూ, మొబైల్ డేటా ప్లాన్‌కూ ఒక పట్టిక చూపాలి. నెలవారీ ధర, విడి రుసుములు, సాధారణంగా వచ్చే వేగం, డేటా పరిమితి అందులో ఉంటాయి. కంపెనీ తనంతట తాను వేసుకునే రుసుములను కూడా అందులో విడిగా రాయాలన్నదే ఈ నిబంధన వచ్చినప్పుడు అందులో ఉన్న అసలు పదును.

బ్రిటన్‌లో సమస్య ఇంకో రూపంలో వచ్చింది. రెండేళ్ల ఒప్పందం చేసుకున్నాక మధ్యలో ధర పెరిగేది, ఎంత పెరుగుతుందంటే ద్రవ్యోల్బణం మీద 3.9 శాతం అని ఒప్పందంలో ఉండేది. రాబోయే ఏడాది ద్రవ్యోల్బణం ఎంతో ఆర్థికవేత్తలే చెప్పలేనప్పుడు ఫోన్ కొనుక్కునే మనిషి ఎలా లెక్కగడతాడు? 2025 జనవరి 17 నుంచి చేసుకునే ఒప్పందాల్లో ఇలాంటి పెంపును నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిషేధించింది. పెంచదలచుకుంటే ఎన్ని పౌండ్లో, ఎన్ని పెన్నీలో ముందే అంకెల్లో చెప్పాలి. పెంపును ఆపలేదు, కొలతను మాత్రం కొనేవాడికి అర్థమయ్యే భాషలోకి మార్చింది.

ఇక అడగకుండానే చేరే చందాల సంగతి. అమెరికాలో జాతకాలు, జోకులు, రింగ్‌టోన్లు పంపుతామంటూ మూడో పక్షం సంస్థలు మొబైల్ బిల్లు ద్వారా నెలకు తరచు 9.99 డాలర్లు వసూలు చేసుకునేవి, చాలామంది తాము ఆ సేవ అడగనేలేదని మొత్తుకున్నారు. 2014లో ఏటీ అండ్ టీ 10.5 కోట్ల డాలర్లతో, టీ మొబైల్ కనీసం తొమ్మిది కోట్ల డాలర్లతో ఈ కేసులను పరిష్కరించుకున్నాయి. టీ మొబైల్ కేసులో ప్రతి చార్జీలో 35 నుంచి 40 శాతం వాటా కంపెనీకే దక్కిందని ఎఫ్‌టీసీ ఆరోపించింది. ఫిర్యాదులు వస్తున్నా ఈ దందా అంతకాలం ఎందుకు ఆగలేదో ఆ వాటాయే చెబుతుంది. భారత్‌లో ఇదే బెడదకు విరుగుడుగా, విలువ జోడింపు సేవ ఏదైనా మొదలయ్యే ముందు చందాదారు రెండుసార్లు ధ్రువీకరించాలన్న నిబంధనను ట్రాయ్ 2013లో తెచ్చింది.

ఉచిత ఫోన్ ఎవరి డబ్బు

ఒకప్పుడు అమెరికాలో ఫోన్ ధర ప్లాన్‌లోనే కలిసిపోయేది. రెండేళ్ల ఒప్పందం చేసుకుంటే ఖరీదైన ఫోన్ చవగ్గా వచ్చేది, మధ్యలో వెళ్లిపోతే ముందస్తు రద్దు రుసుము కట్టాలి. స్మార్ట్‌ఫోన్లకు ఈ రుసుమును వెరిజాన్ 2009లో 350 డాలర్లకు పెంచింది. ఇందులో చెప్పని మోసం ఒకటుంది: రెండేళ్లు పూర్తయి ఫోన్ బాకీ తీరిపోయాక కూడా నెలవారీ బిల్లు తగ్గేది కాదు. 2013లో టీ మొబైల్ ఈ ఒప్పందాలను తీసేసి ఫోన్‌ను వేరుగా వాయిదాల్లో అమ్మడం మొదలుపెట్టాక, తక్కిన పెద్ద కంపెనీలు కూడా ఆ బాటలోకి వచ్చాయి. బ్రిటన్‌లో కలిపి అమ్మే పద్ధతి ఎక్కువ కాలం నడిచింది గనుక, ఒప్పందం ముగిసే ముందు చందాదారుకు ఆ సంగతి తెలియజేయాలన్న నియమం 2020 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది.

వాయిదాల పద్ధతి నిజాయితీగా కనిపించింది గానీ, బిల్లు క్రెడిట్ల రూపంలో పాత కట్టుబాటు వేరే దారిలో తిరిగొచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. 720 డాలర్ల ఫోన్ ఉచితం అంటారు. ప్రతి నెలా బిల్లులో 20 డాలర్ల వాయిదా పడుతుంది, దాని కిందనే 20 డాలర్ల క్రెడిట్ పడుతుంది, ఇది 36 నెలలు సాగుతుంది. పద్నాలుగు నెలలయ్యాక చందాదారు వెళ్లిపోవాలనుకుంటే క్రెడిట్లు ఆగిపోతాయి, మిగిలిన 22 వాయిదాలు, అంటే 440 డాలర్లు, ఒకేసారి కట్టాలి. రద్దు రుసుము అన్న పేరు లేదంతే. పైగా ఈ క్రెడిట్ వచ్చేది చాలావరకు ఖరీదైన ప్లాన్‌లో ఉన్నవాళ్లకే, మధ్యలో చవక ప్లాన్‌కు దిగినా అది పోవచ్చు. ఉచిత ఫోన్ ధర తెలుసుకోవాలంటే, ఆ కంపెనీ ఇచ్చే చవక ప్లాన్‌కూ ఫోన్ కోసం తీసుకోవాల్సిన ప్లాన్‌కూ ఉన్న తేడాను 36తో గుణించి చూడాలి. చాలాసార్లు ఫోన్ ధర అక్కడ దొరుకుతుంది.

డబ్బంతా కట్టినా ఫోన్ వేరే సిమ్‌ను స్వీకరించని తాళం సంగతి కొన్ని దేశాలు తేల్చేశాయి. కెనడా 2017 డిసెంబరు నుంచి, జపాన్ 2021 అక్టోబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోన్ల అమ్మకాన్ని ఆపించాయి.

సరిహద్దు దాటాక

రోమింగ్ బిల్లులు భయపెట్టేది వాటి ఆలస్యం వల్ల కూడా. విదేశీ నెట్‌వర్క్ తన దగ్గర జరిగిన వాడకం వివరాలను ఫైళ్లుగా సొంత కంపెనీకి పంపుతుంది, అవి రోజుల తర్వాత చేరడం మామూలే. అప్పటిదాకా చందాదారు తన యాప్‌లో చూసుకునే లెక్క పూర్తి లెక్క కాకపోవచ్చు. ఇంకో విచిత్రం వాయిస్ మెయిల్. విదేశంలో ఉన్నప్పుడు వచ్చిన కాల్‌ను ఎత్తకపోతే, ఆ కాల్ అప్పటికే విదేశీ నెట్‌వర్క్ దాకా వెళ్లి ఉంటుంది, అక్కడి నుంచి స్వదేశంలోని వాయిస్ మెయిల్‌కు మళ్లీ వెనక్కి వస్తుంది. దాంతో ఎత్తని ఒక్క కాల్‌కు రోమింగ్ ఇన్‌కమింగ్ ఒకటి, అంతర్జాతీయ అవుట్‌గోయింగ్ ఒకటి అని రెండు చార్జీలు పడే వీలుంది. ప్రయాణానికి ముందు వాయిస్ మెయిల్‌కు కాల్ మళ్లింపును తీసేయడమే దీనికి నివారణ. ఓడల్లో, విమానాల్లో ఉండే ఉపగ్రహ ఆధారిత నెట్‌వర్క్‌లు ఏ దేశపు రోమింగ్ ప్యాక్‌లోనూ సాధారణంగా ఉండవు. రోమింగ్ తెరిచి ఉంచిన ఫోన్ తీరం సిగ్నల్ పోగానే తనంతట తాను వాటికి అతుక్కోగలదు.

యూరోపియన్ యూనియన్‌లో 2010 జూలై నుంచి, చందాదారు వేరే పరిమితి కోరుకోకపోతే, రోమింగ్ డేటా బిల్లు 50 యూరోలు చేరగానే ఆగిపోయే ఏర్పాటు ఉంది. 2017 జూన్ 15 నుంచి సభ్య దేశాల మధ్య రోమింగ్‌కు అదనపు చార్జీ లేకుండా పోయింది, ఆ నిబంధనను 2032 దాకా పొడిగించారు. బ్రిటన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక అక్కడి పెద్ద కంపెనీల్లో కొన్ని యూరప్ రోమింగ్ రుసుములను తిరిగి మొదలుపెట్టాయి. నెట్‌వర్క్‌లు అవే, టవర్లు అవే, ఖర్చు అదే. మారింది చట్టం ఒక్కటే. రోమింగ్ చార్జీలో నిజమైన ఖర్చు వాటా ఎంతో చెప్పడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం దొరకదు.

ఫిర్యాదు ఎక్కడ నిలుస్తుంది

నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే వీలు అన్ని ఫిర్యాదుల కన్నా పదునైన ఆయుధం. సింగపూర్‌లో 1997లో మొదలైన ఈ సదుపాయం అమెరికాకు 2003 నవంబరులో, భారత్ అంతటికీ 2011 జనవరిలో వచ్చింది. అయితే ప్రీపెయిడ్‌లో మిగిలిన బ్యాలెన్స్, గడువు కొత్త కంపెనీకి రావు గనుక ఏడాది ప్లాన్ తీసుకున్నవాళ్లు ఈ ఆయుధాన్ని తమ చేతులతో తామే అటక ఎక్కించినట్లే.

మారకుండా కొట్లాడదలచుకున్నవాళ్లకు దారి దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో ఎఫ్‌సీసీకి ఉచితంగా ఫిర్యాదు పంపితే, అది కంపెనీకి చేరాక 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి, కస్టమర్ కేర్‌లో కదలని ఫైలు అక్కడ తరచు కదులుతుంది. భారత్‌లో చాలామంది నేరుగా ట్రాయ్‌కి రాస్తారు గానీ, వ్యక్తిగత ఫిర్యాదులను ఆ సంస్థ పరిష్కరించదు. ముందు కంపెనీ ఫిర్యాదు కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేసి దాని డాకెట్ నంబరు తీసుకోవాలి, అక్కడ తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారి దగ్గరకు వెళ్లాలి. టెలికాం వివాదాలను వినియోగదారుల కమిషన్లు విచారించవచ్చా అన్న చాలాకాలపు సందేహాన్ని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తీర్చింది, విచారించవచ్చని చెప్పింది. అక్కడిదాకా వెళ్లినా, మధ్యలోనే తేలినా, కొన్న రోజున ప్లాన్ పేజీ ఎలా ఉందన్నదే సాక్ష్యం. ఆ పేజీలు చెప్పాపెట్టకుండా మారిపోతాయి కాబట్టి, రీచార్జ్ చేసే ముందు చిన్న అక్షరాల భాగంతో సహా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. ఫిర్యాదులో వేగం రావడం లేదు అని రాయడం కన్నా, కోటా దాటాక ఎంత వేగం అన్నారో, ఏ తేదీన ఏ గంటకు ఎంత వచ్చిందో, అప్పటికి ఎన్ని జీబీలు వాడినట్లు యాప్ చూపిందో రాస్తే, ఏ నిబంధన కింద ఇలా జరిగిందో చెప్పాల్సిన బాధ్యత కంపెనీ మీద పడుతుంది.